ముక్కు సర్జరీకి ముందు ఏమేం చూసుకోవాలి? బెంగళూరులో చేయించుకున్నవాళ్ళు చెప్పండి

తరంగిణి_కేఆర్‌పురం | అక్టోబర్ 5, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది కదిరి. నాలుగేళ్ళుగా వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, కేఆర్ పురంలో ఉంటున్నాను. వయసు 27.

నా ముక్కు దూలం మధ్యలో ఎత్తుగా ఉంటుంది, కొన కాస్త కిందికి వంగి ఉంటుంది. మా నాన్నదీ నానమ్మదీ కూడా అంతే. బళ్ళో గద్దముక్కు అని పిలిచేవాళ్ళు. ఉద్యోగంలో చేరాక ఆ సంగతి దాదాపు మర్చిపోయాను. ఈ ఏడాది సంబంధాలు చూడటం మొదలుపెట్టాక మళ్ళీ తలకెక్కింది. ఇద్దరు ఫోటో చూశాక వెనక్కి తగ్గారు. రెండోసారి మధ్యవర్తి మా అమ్మతో "అమ్మాయి బాగుంటుంది, ముక్కే కొంచెం..." అని సగంలో ఆపేశాడట. ఆ సగం మాట నెల రోజులుగా నా చెవిలోనే ఉంది.

పోయిన శనివారం ఒక క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టర్ ఐదు నిమిషాలు చూశారు. తర్వాత కౌన్సెలర్ అని ఒకావిడ లాప్‌టాప్‌లో నా ఫోటో పెట్టి ముక్కు సరిచేసి చూపించారు. చూడగానే ఏడుపొచ్చింది, అంత బాగుంది. మొత్తం 1,90,000 అన్నారు. ఆదివారం లోపల అడ్వాన్స్ కడితే 30,000 తగ్గిస్తారట, ఈఎంఐ కూడా ఉందట. డిసెంబర్ చివర్లో ఇంకో సంబంధం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. అప్పటికి మానుతుందా?

వద్దని చెప్పడానికి మా ఇంట్లో చాలామంది ఉన్నారు. చేయించుకోవాలనుకుంటే ముందు ఏం ఆలోచించుకోవాలో, ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.


భార్గవి_బీటీఎం | అక్టోబర్ 6, ఉదయం 7:15

తరంగిణీ, నేను మూడేళ్ళ క్రితం చేయించుకున్నాను. సంతోషంగానే ఉన్నాను. కాబట్టి భయపెట్టడానికి రాయట్లేదు. కానీ డిసెంబర్ మాట మాత్రం మనసులోంచి తీసెయ్యి.

నాకు జరిగింది చెప్తాను. మొదటి వారం ముక్కు మీద గట్టి పట్టీ. కళ్ళ కింద రెండు వైపులా కమిలి, వంకాయ రంగు వచ్చి, తర్వాత పచ్చబడి, రెండు వారాలకు పోయింది. నోటితోనే ఊపిరి. రాత్రిళ్ళు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరిగితే అమ్మ లేపేది. చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మూడు వారాలు ఉంది, ఆవిడ పోపు వేసినప్పుడల్లా నేను బాల్కనీలోకి పరిగెత్తేదాన్ని, ఘాటుకి తుమ్ము వస్తుందని. వాపు తగ్గాలంటే ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి ఊరగాయ బంద్.

పట్టీ తీసిన రోజు అద్దంలో చూసుకుని గుండె జారిపోయింది. ముక్కు ఉబ్బి, కొన పైకి లేచి, ఎవరిదో మొహం అనిపించింది. డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. నెలకి చాలావరకు తగ్గింది. కొన దగ్గర వాపు మాత్రం పూర్తిగా దిగడానికి ఏడాది పట్టింది. మన చర్మాలు కాస్త మందం కదా, ఇంకా ఆలస్యం. ముక్కు కొనకి కొన్ని నెలలు స్పర్శ కూడా తక్కువే. అంటే నువ్వు ఈ నెల్లో చేయించుకున్నా డిసెంబర్‌లో వచ్చేవాళ్ళు చూసేది నీ కొత్త ముక్కునూ కాదు, పాత ముక్కునూ కాదు. మధ్యలో ఉన్నదాన్ని.

కళ్ళద్దాలు పెట్టుకుంటావా? నెల, నెలన్నర ముక్కు మీద బరువు ఆనకూడదు. ముక్కుపుడక ఉందా? ఆపరేషన్‌కి ముందు తీసెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవాలో డాక్టర్ చెప్పాలి. ఈలోగా కన్నం పూడుకుపోవచ్చు, నాది పూడుకుపోయింది. ఏడాది తర్వాత మళ్ళీ కుట్టించుకున్నాను. పెళ్ళికి మీ వైపు ముక్కుపుడక తప్పనిసరి అయితే అది కూడా లెక్కలో వేసుకో.


రమణ_చిత్తూరు | అక్టోబర్ 6, ఉదయం 9:50

అమ్మా తరంగిణీ, నీ వయసు కూతురు ఉంది నాకు. కోపం తెచ్చుకోవద్దు. ముక్కు చూసి వెనక్కి వెళ్ళినవాడు రేపు ఇంకేదో చూసి వెళ్ళేవాడే. మీ నాన్న ముక్కు నీకు వచ్చింది, అది దోషం కాదు, ఆనవాలు. ఈ సర్జరీలన్నీ బయటి దేశాల నుంచి వచ్చిన మోజు. ఒళ్ళు బాగున్న పిల్ల కత్తి కిందికి ఎందుకు వెళ్ళాలి? రెండు లక్షలు దాచుకో.


భార్గవి_బీటీఎం | అక్టోబర్ 6, ఉదయం 10:20

రమణగారూ, మీ ప్రేమ అర్థమవుతుంది. కానీ ఆ మొహంతో రోజూ బయటికి వెళ్ళేది తను. పన్నెండేళ్ళు "గద్దముక్కు" విన్న పిల్లకి ఆనవాలు అని చెప్పడం మనకి తేలిక. తను అడిగింది చేయించుకోవాలా వద్దా అని కాదు, ఏం చూసుకోవాలని.


డాక్టర్_శ్రీకర్ | అక్టోబర్ 6, రాత్రి 10:05

నేను ఈఎన్‌టీ డాక్టర్‌ని, బెంగళూరులోనే. చూడకుండా మీ ముక్కు గురించి ఏమీ చెప్పను. వెళ్ళేముందు తెలిసి ఉండాల్సినవి మాత్రం చెప్తాను. ఆదివారం లోపల అడ్వాన్స్ కట్టకండి. అవసరం లేని సర్జరీకి తొందర ఉండదు. తొందరపెట్టేది సర్జరీ కాదు, అమ్మకం.

ముందు ఎవరు చేస్తున్నారో చూడండి. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ (సర్జరీలో పీజీ), ఆ తర్వాత మూడేళ్ళ ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పైచదువు ప్లాస్టిక్ సర్జరీలో చదివినవాళ్ళు. ముక్కు సర్జరీలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఈఎన్‌టీ సర్జన్లు కూడా చేస్తారు. దవడ పనులు ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన మ్యాక్సిల్లోఫేషియల్, అంటే దవడ, మొహం సర్జన్లవి. పేరు పక్కన "కాస్మెటాలజీ", "ఏస్తెటిక్స్" అనే చిన్న కోర్సులు ఎన్ని ఉన్నా వాటితో సర్జన్ అయిపోరు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి తీసుకుని కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లోనో, నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లోనో చూసుకోండి. అడిగితే నొచ్చుకునే డాక్టర్ అయితే అక్కడే లేచి వచ్చేయండి.

రెండోది ఊపిరి. ముక్కు అందానికి మాత్రమే ఉన్నది కాదు. లోపలి గోడ వంకరగా ఉందా, ఎలర్జీ ఉందా, ఒకవైపు ఎప్పుడూ బిగుసుకుంటుందా అనేది ఎండోస్కోపీతో, అంటే సన్నటి గొట్టం కెమెరాతో చూడాలి. బెంగళూరు వచ్చాక తుమ్ములు మొదలైనవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు, అది ముందు అదుపులోకి రావాలి. దూలం ఎక్కువగా చెక్కేస్తే, కొన మరీ సన్నం చేస్తే లోపలి దారి కుంగిపోయి జీవితాంతం ఊపిరి ఇబ్బంది అవ్వచ్చు. ఐదు నిమిషాల్లో ముక్కు లోపల చూడకుండా రేటు చెప్పారంటే పరీక్ష జరగనట్టే.

మూడోది మీ చర్మం. లాప్‌టాప్‌లో ముక్కు సన్నగా గీయడానికి చర్మం అడ్డు రాదు. ఆపరేషన్‌లో వస్తుంది. లోపల ఎముకను, కార్టిలేజ్‌ను (మెత్తటి ఎముకను) ఎంత చెక్కినా పైన చర్మం మందంగా ఉంటే కొన ఆ బొమ్మలో ఉన్నంత పదునుగా రాదు. ఆ బొమ్మ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, హామీ కాదు. మీలాంటి ముక్కు, మీలాంటి చర్మం ఉన్నవాళ్ళ ఫోటోలు, అదీ ఏడాది తర్వాత తీసినవి, చూపించమని అడగండి.

మత్తు గురించి ఎవరూ అడగరు, అది నాకు బాధ. ఇలాంటి సర్జరీ ఎక్కువగా పూర్తి మత్తులోనే చేస్తారు. మత్తు ఇచ్చేది ఎవరు, ఆయన మొదటి నుంచి చివరి దాకా గదిలో ఉంటారా, ఏదైనా తేడా వస్తే ఐసీయూ ఎంత దూరంలో ఉంది అని అడగండి. 2022 మే నెలలో ఈ ఊళ్ళోనే 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకోడానికి వెళ్ళి చనిపోయింది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్ళి కుదిరిన అబ్బాయి నవ్వు చక్కదిద్దించుకోడానికి డెంటల్ క్లినిక్‌కి వెళ్ళి తిరిగి రాలేదు. "చిన్న ప్రొసీజర్" అన్న మాట విన్నప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తొస్తారు.

సిగరెట్ ఉంటే కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తర్వాత కూడా నాలుగు వారాలు. యాస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, ఆయుర్వేద మందులు, ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి, కొన్నింటికి రక్తం ఎక్కువ కారుతుంది. గుండెకో ఇంకో జబ్బుకో ఇచ్చిన మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

రమణగారూ, ఒక్క మాట. ముక్కు సర్జరీ బయటి మోజు కాదండీ. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును బాగుచేసే పద్ధతి ఉంది. 1792లో ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఎడ్లబండి తోలే కోవాస్జీ అనే ఆయన టిప్పు సైన్యానికి చిక్కితే ముక్కు కోశారు. తర్వాత పూణే దగ్గర ఒక దేశీ వైద్యుడు నుదుటి చర్మంతో ఆయనకి కొత్త ముక్కు చేశాడు. 1794లో ఆ సంగతి లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయితే, అది చదివి అక్కడి సర్జన్లు నేర్చుకున్నారు. ఇప్పటికీ నుదుటి చర్మంతో ముక్కు చేసే పద్ధతికి "ఇండియన్ మెథడ్" అనే పేరుంది. అయితే అది పోయిన ముక్కును తిరిగి ఇవ్వడం. బాగున్న ముక్కును మార్చడం వేరు, అక్కడ మీరన్నట్టు పదిసార్లు ఆలోచించాల్సిందే.


రమణ_చిత్తూరు | అక్టోబర్ 7, ఉదయం 6:30

ఈ సంగతి నాకు తెలియదు డాక్టర్ గారూ. మోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందర వద్దన్న మాట మాత్రం తీసుకోను.


లావణ్య_శాంతినగర్ | అక్టోబర్ 8, రాత్రి 12:10

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తరంగిణీ, నువ్వు రాసింది చదువుతుంటే ఆరేళ్ళ క్రితం నేను రాసినట్టే ఉంది. నాకూ పెళ్ళి ముందే, నాకూ లాప్‌టాప్ బొమ్మే, నాకూ ఆదివారం డిస్కౌంటే.

క్లినిక్ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. నేను మాట్లాడింది పెద్ద డాక్టర్‌తో. థియేటర్‌లో చేసింది ఆయన దగ్గర పనిచేసే ఇంకొకరని ఏడు నెలల తర్వాత నా ఫైల్ చేతికొచ్చాక తెలిసింది. సంతకాలు పెట్టేటప్పుడు నేను ఒక్క కాగితం చదవలేదు. పొద్దున ఆరింటికి, ఆకలితో, భయంతో, పడుకోబెట్టిన మంచం మీద పెట్టించుకున్నారు.

దూలం మరీ లోతుగా చెక్కేశారు. పక్క నుంచి చూస్తే గుంట. అంతకన్నా, కుడి వైపు ఊపిరి ఆడేది కాదు. రాత్రుళ్ళు నోరు ఎండిపోయి లేచి కూర్చునేదాన్ని. వాళ్ళని అడిగితే వాపు, వాపు అన్నారు. తర్వాత ఫోన్ తీయడం మానేశారు. పెళ్ళి వీడియోలో నేను ఎక్కడా పక్కకి తిరగలేదు, గమనిస్తే తెలుస్తుంది. ఇప్పటికీ ఆ వీడియో పెట్టనివ్వను.

రెండో సర్జరీకి ఏడాది పైన ఆగమన్నారు, ఎందుకంటే లోపల మచ్చ గట్టిపడటం ఆగాలి. రెండో డాక్టర్ చెవి వెనక నుంచి కార్టిలేజ్ తీసి పెట్టారు. మొదటిదానికన్నా రెట్టింపు ఖర్చు. ఊపిరి బాగయింది. ఆకారం ఫరవాలేదు. నా పాత ముక్కుకి, దీనికి మధ్య తేడా అంటే, పాతదాన్ని చూసుకుని ఏడ్చినంత దీన్ని చూసుకుని ఏడవను. అంతే.

నిన్ను ఆపమని రాయట్లేదు. నా రెండో డాక్టర్ మొదటి రోజు నన్ను ఒక ప్రశ్న అడిగారు, అది మొదటివాళ్ళు అడగలేదు: "దీనివల్ల నీ జీవితంలో ఏం మారుతుందనుకుంటున్నావు?" నేను పెళ్ళి అనుకున్నాను అప్పట్లో. మా ఆయన నన్ను చూసి ఒప్పుకున్నది సర్జరీకి ముందు ఫోటోతోనే అని తర్వాత తెలిసింది.

ఇంకోటి. సరిదిద్దాల్సి వస్తే ఎవరు చేస్తారు, ఎంత తీసుకుంటారు అని ముందే అడిగి రాయించుకో. మంచి డాక్టర్ల దగ్గర కూడా కొందరికి రెండోసారి అవసరం పడుతుందని నాకు చెప్పారు. అది తప్పు కాదు. చెప్పకపోవడమే తప్పు.


తరంగిణి_కేఆర్‌పురం | అక్టోబర్ 8, రాత్రి 12:55

అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇంత చెప్పినందుకు థాంక్స్. అడ్వాన్స్ కట్టలేదు. ఈ రోజు ఆ కౌన్సెలర్ రెండుసార్లు ఫోన్ చేసింది, ఆఫర్ ఇంకో వారం పొడిగించారట.


నాని_ఫోటోస్ | అక్టోబర్ 8, మధ్యాహ్నం 2:30

నేను పెళ్ళి ఫోటోలు తీస్తాను, మాది నెల్లూరు, ఎనిమిదేళ్ళుగా మారతహళ్ళిలో. సర్జరీ గురించి నాకు తెలియదు. ఫోటో గురించి తెలుసు, అందుకే రాస్తున్నాను.

సంబంధాలవాళ్ళకి పంపిన ఫోటో ఎలా తీసింది? సెల్ఫీ అయితే ఆ ముక్కు నీ ముక్కు కాదు చెల్లీ. కెమెరా మొహానికి దగ్గరగా ఉంటే ముందుకు ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది. 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టి చూపించారు: 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన సెల్ఫీలో, ఒకటిన్నర మీటరు నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, ముక్కు వెడల్పు 30 శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. ఫోన్ కింద నుంచి పట్టుకుంటే ఇంకా అన్యాయం. క్లినిక్‌లో "ముందు, తర్వాత" ఫోటోలు చూసేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకో. రెండూ ఒకే దూరం, ఒకే వెలుతురు, ఒకే కోణం, మొహం మీద మేకప్ లేకుండా ఉన్నాయా? "ముందు" ఫోటో పైనుంచి లైటుతో దిగులుగా, "తర్వాత" ఫోటో కిటికీ పక్కన నవ్వుతూ ఉంటే నేను నమ్మను. ఆ తేడా నేను సర్జరీ లేకుండా పది నిమిషాల్లో తెస్తాను.

ఏ నిర్ణయమైనా తీసుకో. ముందు ఒకసారి మా స్టూడియోకి రా, డబ్బులు వద్దు. రెండు మీటర్ల నుంచి మామూలుగా తీస్తాను. నీ మొహం నువ్వు ఒకసారి సరిగ్గా చూసుకో.


సుధాకర్_అడ్వొకేట్ | అక్టోబర్ 8, రాత్రి 9:00

లావణ్యగారు చెప్పిన సంతకాల గురించి. 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పేషెంట్‌కి చికిత్స ఏమిటో, వేరే దారులేమున్నాయో, ప్రమాదాలేమిటో అర్థమయ్యేలా చెప్పి తీసుకున్న ఒప్పుకోలే ఒప్పుకోలు. కాబట్టి ఆ కాగితాలు కనీసం రెండు రోజుల ముందు ఇమ్మని అడగండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇంగ్లీషో కన్నడమో అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకోండి. సర్జరీ చేసే డాక్టర్ పేరు అందులో రాసి ఉండాలి.

మెడికల్ రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలో ఉంది. అడగడం లిఖితపూర్వకంగా అడగండి. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్ ఏదైనా 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సర్టిఫికెట్ కనిపించేలా పెట్టాలి. రిసెప్షన్ గోడ మీద చూడండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే గడువు రెండేళ్ళు.

డబ్బు సంగతి. అందం కోసం చేసే సర్జరీకి ఇన్సూరెన్స్ రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా వైద్యపరంగా అవసరమని డాక్టర్ ధ్రువీకరించినదానికి వస్తుంది. లోపలి గోడ వంకర సరిచేయడం వేరు, బయటి ఆకారం వేరు. రెండూ కలిపి చేస్తే బిల్లులు విడిగా రాయించుకోండి, నిజంగా ఉన్నదే రాయించుకోండి. "అంతా ఇన్సూరెన్స్‌లో పెట్టేస్తాం" అనేవాళ్ళు మీ చేత అబద్ధం ఆడిస్తున్నారు. అందం సర్జరీకి జీఎస్టీ కూడా పడుతుంది, చెప్పిన రేటులో అది కలిసి ఉందో లేదో, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ ఖర్చు, తర్వాత డ్రెస్సింగులు ఉన్నాయో లేదో అడగండి.


పద్మజ_యలహంక | అక్టోబర్ 9, ఉదయం 11:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నా బుగ్గలు బాగా లావు. లోపలి నుంచి కొవ్వు తీసేస్తే మొహం సన్నబడుతుందని రీల్స్‌లో చూశాను. వయసు 23. మచ్చ కూడా కనపడదట. అది చిన్నదే కదా డాక్టర్ గారూ?


డాక్టర్_శ్రీకర్ | అక్టోబర్ 9, రాత్రి 10:40

పద్మజగారూ, తీసిన ఆ కొవ్వు మళ్ళీ రాదు. వయసుతో పాటు మొహంలో కొవ్వు దానంతటదే తగ్గుతుంది. 23కి బాగున్నది 40కి బుగ్గలు పీక్కుపోయినట్టు కనిపించవచ్చు. అక్కడే మొహాన్ని కదిపే నరం కొమ్మలు, లాలాజల నాళం కూడా ఉన్నాయి. రీల్ చూసి తీసుకునే నిర్ణయం కాదు. పదేళ్ళ క్రితం మీ అమ్మగారి మొహం, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూడండి, మీ మొహం ఎటు వెళ్తుందో కొంత తెలుస్తుంది.

కత్తి లేకుండా ఫిల్లర్ (చర్మం కింద నింపే మందు) ఇంజెక్షన్‌తో ముక్కు సరిచేస్తామని కూడా కొందరు తరంగిణిగారికి చెప్పవచ్చు. ముక్కు దగ్గర రక్తనాళాలకి కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. ఇంజెక్షనే కదా అని బ్యూటీ పార్లర్‌లో చేయించుకోవద్దు.


హరి_ఎలక్ట్రానిక్‌సిటీ | అక్టోబర్ 10, రాత్రి 8:20

నాది దవడ. కింది దవడ ముందుకు ఉండేది, పళ్ళు కలిసేవి కావు, జొన్నరొట్టె కొరకలేకపోయేవాణ్ణి. మొదట గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో చూపించాను, అక్కడే ఓపిగ్గా చెప్పారు. సర్జరీకి ముందు 14 నెలలు పళ్ళకి క్లిప్పులు, తర్వాత ఇంకో ఏడు నెలలు. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి ద్రవాలే, అమ్మ రాగిజావ, పప్పుకట్టు సీసాలో పోసి ఇచ్చేది. తొమ్మిది కిలోలు తగ్గాను. కింది పెదవి ఎడమ పక్క ఇప్పటికీ కొంచెం మొద్దుగా ఉంటుంది, టీ కారినా తెలియదు. ముందే చెప్పారు, ఒప్పుకునే వెళ్ళాను.

నాకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. మొహం మారాక ఇంట్లోవాళ్ళు అలవాటు పడటానికి కూడా టైమ్ పడుతుంది. మా నాన్న నెల రోజులు నా మొహం వైపు సూటిగా చూడలేదు. తర్వాత ఒకరోజు "మీ తాత పోలిక పోయిందిరా" అన్నారు. నాకు సర్జరీ మీద పశ్చాత్తాపం లేదు. కానీ ఆ మాట ఇంకా ఉంది. తరంగిణీ, మీ నాన్నగారితో ముందే మాట్లాడు, ఎందుకంటే నువ్వు మార్చుకోవాలనుకుంటున్నది ఆయన ముక్కు కూడా.


వీణ_జయనగర్ | అక్టోబర్ 11, ఉదయం 8:45

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌ని. తరంగిణి రాసినదాన్ని బట్టి ఏ జబ్బూ అంటగట్టను. కానీ ఈ మాటలు చదివేవాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. రోజులో ఎంతసేపు ఆ ఒక్క లోపం గురించే ఆలోచిస్తున్నారు? గంటలు గంటలా? అద్దం పదేపదే చూసుకోవడం, లేదా అసలు చూడకుండా తప్పించుకోవడం, అందరూ దాన్నే చూస్తున్నారని ఫంక్షన్లు మానేయడం, ఎదుటివాళ్ళకి కనపడనంత చిన్నదైనా మనసు దాని చుట్టూనే తిరగడం ఉందా? దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. నూటికి ఇద్దరిలో ఉంటుందని అంచనా, కాస్మెటిక్ క్లినిక్‌లకి వచ్చేవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఇలాంటివాళ్ళకి సర్జరీతో మనసు కుదుటపడటం అరుదు, దిగులు ఇంకో చోటికి మారుతుంది. దీనికి మంచి వైద్యం ఉంది. ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించుకోవచ్చు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు, ఉచితం.

ఆ లక్షణాలేవీ లేకుండా, చాలా ఏళ్ళుగా ఒక్క సంగతి ఇబ్బంది పెడుతోంది, ఫలితం గురించి సరైన అంచనా ఉంది, తన కోసమే అనుకుంటోంది అంటే అది వేరు. అలాంటివాళ్ళు సర్జరీ తర్వాత సంతోషంగా ఉండటం నేను చూశాను.


సరోజ_హెబ్బాళ | అక్టోబర్ 11, మధ్యాహ్నం 3:10

నేను ఎక్కువ రాయలేను. మా అమ్మాయికి 31 ఏళ్ళు. చిన్నప్పుడు నేనే చట్టిముక్కు అని ముద్దుగా పిలిచేదాన్ని. దాని ముక్కు రోజూ నూనె రాసి పైకి లాగేదాన్ని, కోటేరులా రావాలని. ముద్దు అనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు అది ముక్కు సర్జరీకి డబ్బు దాచుకుంటోందని తెలిసి అడిగితే, "నాకు మొదటిసారి చెప్పింది నువ్వే కదమ్మా" అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

సర్జరీ చేయించుకుంది, బాగానే జరిగింది, నేనే దగ్గరుండి చూసుకున్నాను. తరంగిణీ, మీ అమ్మతో ఆ మధ్యవర్తి మాట గురించి మాట్లాడావా? ఆ మాట నీ దాకా ఎందుకు తెచ్చిందో అడుగు. తిట్టడానికి కాదు. ఆవిడ మనసులో కూడా ఏదో ఉండి ఉంటుంది.


తరంగిణి_కేఆర్‌పురం | నవంబర్ 2, రాత్రి 10:30

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను. దీపావళికి ఊరెళ్ళి వచ్చాను.

నానిగారి స్టూడియోకి వెళ్ళాను. ఫోటోలో ముక్కు నేను అనుకున్నంత పెద్దగా లేదు, కానీ దూలం మీద ఎత్తు ఉంది, అది నిజమే. ఇంకా నచ్చలేదు. ఆ సంగతి నాకు తెలియడం మంచిదయింది.

డాక్టర్ శ్రీకర్‌గారు చెప్పినట్టు రిజిస్ట్రేషన్ చూసుకుని ఇంకో ఇద్దరు సర్జన్ల దగ్గరికి వెళ్ళాను. ఒకాయన ముప్పావుగంట కూర్చోబెట్టారు. లోపలి గోడ ఎడమకి వంగి ఉందట, నేను ఇన్నేళ్ళూ ఒక వైపే ఊపిరి పీలుస్తున్నానని నాకే తెలియదు. దూలం ఎత్తు తగ్గించగలనన్నారు. లాప్‌టాప్ బొమ్మ ఫోన్‌లో చూపిస్తే, "ఈ కొన మీ చర్మంతో రాదు, వస్తుందని చెప్పి మీ దగ్గర డబ్బు తీసుకోలేను" అన్నారు. మొదట బాధేసింది. బస్సులో సిల్క్‌బోర్డు దాటేసరికి ఆయన మీద నమ్మకం కుదిరింది. డిసెంబర్ గురించి చెప్తే, పెళ్ళిచూపులు ఉన్నంతకాలం చేయనన్నారు.

అమ్మతో మాట్లాడాను. అమ్మ ఏడ్చింది. మధ్యవర్తి ఆ మాట అన్నప్పుడు తనకి ఏం అనాలో తెలియక నాకు చెప్పేసిందట. నాన్నతో మాట్లాడటమే కష్టమైంది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళి తన ముక్కు పట్టుకుని చూసుకుని, "నాకు కూడా ఊపిరి ఒక పక్కే ఆడుతుంది, ఆ డాక్టర్‌కి నన్ను కూడా చూపించు" అన్నారు.

డిసెంబర్ సంబంధం వాళ్ళకి నాని తీసిన ఫోటో, పక్క నుంచి తీసింది కూడా, పంపమని చెప్పాను. వస్తే వస్తారు. సర్జరీ ఆలోచన పూర్తిగా వదల్లేదు. సంక్రాంతి తర్వాత ఆ డాక్టర్ ఇచ్చిన ఎలర్జీ మందులు పూర్తయ్యాక మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళి, అప్పటికీ కావాలనిపిస్తే ఎండాకాలంలో, నెల రోజులు సెలవు పెట్టుకుని. కాగితాలు ముందే ఇస్తామన్నారు. చేసేది తనేనని రాసిస్తానన్నారు.

భార్గవక్కా, ఒక్క సందేహం. నాకు మైనస్ నాలుగు పవర్. నెలన్నర కళ్ళద్దాలు లేకుండా ఎలా గడిపావు?


భార్గవి_బీటీఎం | నవంబర్ 3, ఉదయం 6:50

కాంటాక్ట్ లెన్సులు. కానీ సర్జరీకి ముందే రెండు మూడు నెలలు పెట్టుకుని అలవాటు చేసుకో, కళ్ళు వాచి ఉన్నప్పుడు మొదటిసారి పెట్టుకోవాలని చూస్తే నరకం. మొదటి కొన్ని రోజులు అవి కూడా పెట్టలేవు. అప్పుడు నేను కళ్ళద్దాలు నుదుటికి టేపుతో అంటించుకుని, ముక్కుకి ఆనకుండా వేలాడదీసుకున్నాను. ఎలా అంటించాలో మీ డాక్టర్ దగ్గర నర్సు చూపిస్తుంది. తేలిక ఫ్రేమ్ ఒకటి కొనిపెట్టుకో. ఇంకా, మీ అమ్మని సెలవులకి ఒక వారం ముందే రమ్మను. సరుకులు, మందులు తెచ్చిపెట్టుకోవడానికి టైమ్ ఉంటుంది.